నలభై ఒకటో పేజీలో ఎర్రపోగు

బండారులంక నేతగాళ్లలో ఒక అలవాటు ఉండేది. నిలువు పోగుల పడుగు సగం నేసి ఉండగా నేసేవాడికి జ్వరం వచ్చినా, చెయ్యి బెణికినా, ఇంట్లో చావు పడినా మగ్గం ఆగదు. గంజి పెట్టిన నూలు పది రోజులు ఊరికే ఉంటే చెమ్మకి పాడవుతుంది. అందుకని అన్నో, తమ్ముడో, పక్కింటివాడో వచ్చి మగ్గం గుంటలో కాళ్లు దించి కూర్చుని మిగిలింది నేసేస్తాడు. అయితే అడ్డపోగును బిగించే దెబ్బ ఏ ఇద్దరిదీ ఒక్కలా ఉండదు. చెయ్యి మారిన చోట బట్టలో సన్నటి గీత పడుతుంది. కొనేవాళ్ల కంటికి కనపడదు గాని నేతగాడి బొటనవేలికి తెలుస్తుంది. ఆ గీత దగ్గర అంచులో ఒక ఎర్రపోగు వేసి వదిలేవారు. ఇక్కడినుంచి నేసింది ఇంకో మనిషి అని దానర్థం. అందులో సిగ్గూ లేదు, గొప్పా లేదు. నేతగాళ్ల సొసైటీలో బట్ట కొలిచే గుమస్తా అది చూసి తలూపి, చీర మడిచి పక్కన పెట్టేవాడు.

ఈ ఎర్రపోగు గురించి జపనీసు భాషలో రెండు పేజీలు రాసిన మనిషి నాకు తెలిసి ఒక్కర్తే. పేరు నాగమణి. ఆ రెండు పేజీలే ఆమె కొంప ముంచాయి.

నాగమణి తండ్రి తాతబ్బాయి. మూడో తరగతితో బడి మానేసి గుంటమగ్గంలో దిగినవాడు. నేతతోపాటు చీరల అంచుకి బొమ్మలు గీసే పని కూడా తెలుసు. గళ్ల కాగితం మీద గడికి ఒక పోగు చొప్పున హంసనో, తీగనో గీసిచ్చేవాడు. వీధిలో ఎవరికి కొత్త అంచు కావాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవారు. తల్లి వీరాయమ్మ కండెలు చుట్టేది. చేనేత మన సంస్కృతికి ప్రాణం అని వేదికలెక్కి చెప్పేవాళ్లు ఒక్క వర్షాకాలం ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే బావుంటుంది. నలభై ఆరేళ్లకే తాతబ్బాయి నడుం వంగిపోయింది. వీధి చివరిదాకా నడిస్తే ఆయాసం వచ్చేది.

1981లో నాగమణి ఇంటరు పాసైంది. అమలాపురం కాలేజీలో ఇంగ్లీషు చెప్పే నారాయణమూర్తిగారు ఢిల్లీలోని ఒక విశ్వవిద్యాలయం దరఖాస్తు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. విదేశీ భాషల్లో ఎమ్మే దాకా అయిదేళ్ల చదువు. హాస్టలు ఇస్తారు, స్కాలర్‌షిప్పు ఇస్తారు. ఆమె ఫ్రెంచి అడిగింది. ఫ్రెంచిలో ఖాళీ లేదు, జపనీసులో ఉంది. ఆ భాష మీద ప్రేమతో అంత దూరం వెళ్లిందని ఎవరైనా రాస్తే నమ్మకండి. తిండి పెట్టి చదువు చెప్తామన్నారు కాబట్టి వెళ్లింది.

ఆమె బయల్దేరే ముందు వీధి వీధంతా సలహాలిచ్చింది.

"జపానంటే వాచీలోళ్లు కదే? మా బావ మస్కట్ నుంచి ఒకటి తెచ్చేడు. నీళ్లలో పడేసినా ఆగదు" అన్నాడు పక్కింటి సుబ్బరాజు.

"పచ్చి చేపలు తింటారంట కదమ్మా వాళ్లు. అంతర్వేదిలో పడవలోళ్లు కూడా ఉడకేసుకునే తింటారు" అంది ఎదురింటి అమ్మాజీ.

నాగమణి బాగానే చదివింది. బంగారు పతకాలు తెచ్చేంత కాదు, ఎవరూ వేలెత్తి చూపలేనంత. చివరి ఏడాదిలో ఒక పరిశోధన వ్యాసం రాయాలి. సొంతంగా సమాచారం సేకరించి, అరవై పేజీలకు తగ్గకుండా, జపనీసులో. ఆ లిపికి టైపు మిషను ఆ విభాగంలో లేదు గనక చేత్తో రాయాలి. పేజీకి నాలుగు వందల గళ్లుండే కాగితాలు వాళ్లే ఇస్తారు, గడికి ఒక అక్షరం. నిబంధనల కాగితంలో ఏడో వాక్యం ఇదీ: వ్యాసం ఆసాంతం విద్యార్థి స్వదస్తూరీలో ఉండాలి.

వ్యాసాన్ని పర్యవేక్షించే మిసెస్ బాగ్చీ అడిగింది. "మీ నాన్నగారు ఏం చేస్తారు?"

"నేస్తారు, మేడమ్."

"అయితే అదే రాయి. జపాన్ వాళ్లు చేతిపని అంటే చెవి కోసుకుంటారు."

ఆ వ్యాసం వెనక ఒక ఉద్యోగం ఉంది. ఢిల్లీలో ఒక జపాన్ కంపెనీ ఆఫీసువాళ్లు ఆమెను ముందే చూసి, ఎమ్మే పాసైన కాగితం చూపిస్తే జనవరి నుంచి అనువాదకురాలిగా తీసుకుంటామన్నారు. ఆ ఉద్యోగం వస్తే చెయ్యదలుచుకున్నది ఒక్కటే. తండ్రిని ఆ గుంటలోంచి లేపెయ్యడం. దేశసేవ, స్త్రీ జనోద్ధరణ లాంటివి ఆమె ఆలోచనల్లో లేవు.

1986 మేలో ఇంటికి వచ్చింది. సెప్టెంబరు పదో తేదీకి వ్యాసం అందించాలి. మూడు నెలలు మగ్గం పక్కన పీట వేసుకుని కూర్చుని తండ్రిని ప్రశ్నలతో తినేసింది. పడుగు ఎలా అతుకుతారు, గంజి ఎంత చిక్కగా ఉండాలి, చెయ్యి మారితే ఏం చేస్తారు.

"ఎర్రపోగే ఎందుకు నాన్నా?"

"నల్లది వేస్తే మాసిందనుకుంటారు. పసుపుది వేస్తే కనపడదు."

"అసలు వెయ్యకపోతే?"

"ఎందుకెయ్యం?" అన్నాడు తాతబ్బాయి. ఆ ప్రశ్న ఆయనకి అర్థమే కాలేదు. ఆ జవాబు కూడా ముప్పై మూడో పేజీలో చేరింది.

ఆగస్టు రెండో వారానికి చిత్తుప్రతి పూర్తయింది. సాపు ప్రతి నలభై పేజీలు రాసింది. ఇంకా ఇరవై రెండు ఉండగా గోదావరి వచ్చింది.

ఎనభై ఆరు వరద గురించి కోనసీమలో ఎవరినడిగినా ఒక రోజు సరిపడా చెప్తారు. బండారులంకలో ఆ వీధికి జరిగింది చెప్పాలంటే రెండు మాటలు చాలు. గుంటల్లోకి కింద నుంచి నీరు ఊరింది. మగ్గాలన్నీ నీట నానాయి. అటక మీద పెట్టిన కాగితాలు బతికాయి. తండ్రీ కూతుళ్లు నడుం లోతు నీళ్లలో నిలబడి మగ్గాన్ని విప్పి పైకి లాగుతుంటే తాడు జారింది. పోగుల్ని వరసలో ఉంచే ఇనప పళ్ల అచ్చు నాగమణి కుడి చేతి మీద పడి బొటనవేలి మొదలు కోసుకుపోయింది. ఆమె గుడ్డ చుట్టుకుని పని చేసింది. బురదనీళ్లు పని చూపించాయి. నాలుగు రోజుల్లో చెయ్యి మోచేతిదాకా వాచింది. అమలాపురంలో డాక్టరు చీము కోసి తీసి, కట్టు కట్టి, నెల రోజులు ఆ చెయ్యి కదపకూడదన్నాడు. బొటనవేలు మళ్లీ వంగుతుందో లేదో చెప్పలేనన్నాడు.

ఆ రోజు ఆగస్టు ఇరవై రెండు. ఢిల్లీకి టెలిగ్రాం ఇచ్చి గడువు అడగొచ్చు కదా అనిపిస్తుంది. ఇచ్చింది. జవాబు రాలేదు.

ఇంటికొచ్చి కూర్చున్న నాగమణి ఎదుట తాతబ్బాయి ఆ గళ్ల కాగితాలు తీసి చూశాడు.

"ఇవి నిలువుగా చదవాలా అమ్మా?"

"కుడివైపు నుంచి, పైనుంచి కిందకి."

"గడికొకటి. ఒకటి దాటి ఇంకోదాన్లోకి పోకూడదు. అంతేనా?"

"అంతే."

"నాకు పని లేదు కదా. గుంట ఆరేసరికి నెల పడుతుంది. నేను గీస్తాను."

వీరాయమ్మ నవ్వింది. "మీకు తెలుగే సరిగ్గా రాదు. జపాను రాస్తారా?"

"హంసని నేనెప్పుడైనా చూసేనా ఏంటి? గీయట్లేదా?"

నాగమణికి నిబంధన గుర్తులేక కాదు. ఏడో వాక్యం ఆమెకు తెలుసు. కాని పుట్టినప్పటినుంచి ఆ వీధిలో చూసిందొకటే. చెయ్యి ఆడనప్పుడు ఇంట్లోవాళ్లు పూర్తి చేస్తారు, చేసిన సంగతి చెప్తారు, చెప్పాక దానికి వంక పెట్టేవాడుండడు. విశ్వవిద్యాలయం కూడా మనుషులు నడిపేదేగా అనుకుంది. ఆ వీధివాళ్లు మాత్రమే చెయ్యగల పొరపాటు అది.

మొదటి పేజీకి ఆయనకి రోజున్నర పట్టింది. ఏ గీత ముందు, ఏది వెనక అని అడిగి మరీ గీశాడు. తర్వాత రోజుకి రెండు. చెమట పట్టే చేతి కింద తుండు పరుచుకుని, ఊపిరి బిగబట్టి, అంచు బొమ్మ వేసినట్టే వేశాడు. ఒక అక్షరం పేజీలో పన్నెండుసార్లు వస్తే పన్నెండూ అచ్చుగుద్దినట్టుండేవి. నాగమణి పక్కన కూర్చుని ప్రతి గడీ సరిచూసింది. ఆమెవి రాసిన అక్షరాలు. ఆయనవి నేసిన అక్షరాలు. పక్కపక్కన పెడితే గుడ్డివాడికి తప్ప అందరికీ తెలుస్తుంది.

నాలుగో రోజున అడిగాడు. "ఇందులో నా పేరెక్కడైనా ఉందా?"

ఆమె చూపించింది. ఆ తర్వాత ఆయన దాన్ని తనంతట తనే పట్టేసేవాడు. "ఈ పేజీలో మూడుసార్లున్నాను" అనేవాడు సాయంత్రం వీరాయమ్మతో. "నిన్నటిదాన్లో లేను."

ఇరవై రెండు పేజీలూ సెప్టెంబరు మూడుకి అయ్యాయి. అప్పుడు తాతబ్బాయి సూదిలో ఎర్రదారం ఎక్కించి నలభై ఒకటో పేజీ అంచున ఒక్క కుట్టు వేశాడు. నాగమణి ఎడమచేత్తో, వంకర టింకరగా, ఒక చిన్న కాగితం మీద రాసి ఆ పేజీకి ముందు పెట్టింది. నా చేతికి దెబ్బ తగిలినందువల్ల ఇక్కడినుంచి మా నాన్నగారు నా చిత్తుప్రతి చూసి ఎత్తి రాశారు, ఆయనకు ఈ భాష రాదు, తప్పులుంటే నావి.

లారీ మీద జొన్నాడ దాకా, అక్కణ్నుంచి బస్సులో రాజమండ్రి, రైలు. ఎనిమిదో తేదీన మిసెస్ బాగ్చీ గదిలో ఉంది.

బాగ్చీ వ్యాసమంతా తిరగేసింది. చెడ్డ మనిషి కాదావిడ. నాగమణి కట్టు చూసి నొచ్చుకుంది, టీ తెప్పించింది. తర్వాత ఆ చిన్న కాగితాన్ని విడిగా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది ఉంటే ఆఫీసువాళ్లు వ్యాసం తీసుకోరు. నిబంధన చూశావుగా."

"గడువు ఇప్పించండి మేడమ్. చెయ్యి నయమయ్యాక మళ్లీ రాస్తాను."

"గడువిచ్చేది కమిటీ. ఆ కమిటీ డిసెంబరు దాకా కూర్చోదు. అప్పటికి నీ ఉద్యోగం ఉంటుందా?" ఆవిడ గొంతు తగ్గించింది. "పరీక్షకులు భాష చూస్తారు, విషయం చూస్తారు. అక్షరాలు ఎవరు గీశారని చూడరు. ఈ కాగితం తీసెయ్. ఆ దారం కూడా. నేను చూళ్లేదు."

సాధారణంగా ఇలాంటి చోట మన రచయితలు కథానాయికను ఒక రాత్రంతా మేలుకోబెట్టి, నిజాన్ని గెలిపించి, పొద్దున్నే తల ఎత్తుకుని నడిపిస్తారు. నాగమణి గదిలోంచి బయటికి కూడా రాలేదు. బల్ల మీదున్న కత్తెర తీసుకుని ఎడమచేత్తో ఆ కుట్టు కత్తిరించింది. కాగితం మడిచి సంచిలో వేసుకుంది. గుంటలోంచి తండ్రిని లేపడానికి అది దగ్గరి దారి అనుకుంది. అదే పరిస్థితిలో నేనూ అంతే చేసేవాణ్ని, చదువుతున్న మీరూ అంతే చేసేవారు.

నవంబరులో మౌఖిక పరీక్ష. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఒక జపాన్ ముసలాయన, చాలా మర్యాదస్తుడు. వ్యాసం బాగుందన్నాడు. పని మాటలు ఇంత వివరంగా రాసిన విద్యార్థిని చూడలేదన్నాడు. అప్పుడు ఆయన పేజీలు తిప్పాడు.

"ముప్పై మూడో పేజీ నాకు చాలా నచ్చింది. చెయ్యి మారిన చోట మీ ఊళ్లో ఎర్రపోగు వేస్తారని రాశారు. వెయ్యకపోతే అని అడిగితే మీ నాన్నగారికి ప్రశ్నే అర్థం కాలేదని రాశారు." ఇంకో ఎనిమిది పేజీలు తిప్పాడు. "ఇక్కడ చెయ్యి మారింది. ఎర్రపోగు కోసం వెతికాను. రెండు సన్నటి రంధ్రాలు మాత్రం కనిపించాయి."

నాగమణి బాగ్చీ వైపు చూసింది. బాగ్చీ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటోంది.

"ఎవరు రాశారు?"

"మా నాన్న."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మర్చిపోయాను" అంది నాగమణి.

బాగ్చీ పేరు చెప్పకపోవడం త్యాగమేమీ కాదు. మళ్లీ వ్యాసం పెట్టుకోవాలంటే ఆవిడ సంతకమే కావాలి. చెబితే ఆ సంతకం కూడా పోతుంది. ఆ లెక్క ఆమె అక్కడ కూర్చునే వేసుకుంది.

వ్యాసం రద్దు చేసి ఆమె చేతికి తిరిగిచ్చేశారు. కారణం పరుల దస్తూరీని దాచిపెట్టడం. ఏడాది గడిచాక స్వదస్తూరీలో మళ్లీ సమర్పించుకోవచ్చు. స్కాలర్‌షిప్పు ఆగింది, హాస్టలు గది ఖాళీ చెయ్యమన్నారు. జపాన్ కంపెనీవాళ్లు జనవరిలో వేరే అమ్మాయిని తీసుకున్నారు.

డిసెంబరులో ఆమె ఇల్లు చేరేసరికి తాతబ్బాయి ఆరిన గుంటలో మళ్లీ మగ్గం వేసి కూర్చున్నాడు.

"పాసయ్యేవా అమ్మా?"

"లేదు నాన్నా."

ఆయన అటూ ఇటూ పోగు లాగుతున్న నాడె ఆపాడు. "నా రాత బాలేదన్నారా?"

"బాగుందన్నారు. నాది కాదని తెలిసిపోయింది."

"తెలియడమేంటి? మనమే చెప్పేం గదా. కాగితం పెట్టేం, పోగేసేం."

నాగమణి సంచి గుంట పక్కన దించింది. "తీసేసేను."

"ఎవరు తియ్యమన్నారు?"

"ఎవరన్నా తీసింది నేనే గదా."

తాతబ్బాయి నాడె విసిరాడు. వీరాయమ్మ మాత్రం ఊరుకోలేదు. "తండ్రి చేత్తో రాస్తే మైల పడిపోయిందా ఆ ఢిల్లీవోళ్లకి? కట్టు కట్టిన చెయ్యి కనపళ్లేదా?" అని రెండు రోజులు సణిగింది.

వీధికి ఈ సంగతి పండగలా దొరికింది. "తాతబ్బాయి జపాను పరీక్ష తప్పేడంటరా" అని సొసైటీ అరుగు మీద నవ్వుకున్నారు. సుబ్బరాజు ఎదురుపడి "ఏం బావా, మళ్లీ ఎప్పుడు కడతావు పరీక్ష?" అన్నాడు. తాతబ్బాయి అన్నీ పడ్డాడు. ఒక్క మాట మాత్రం పడలేదు. చెప్పకుండా చేశాడని ఎవరైనా అంటే లేచి నిలబడేవాడు. "నేను వేసేను. మా అమ్మాయే తీసేసింది" అనేవాడు. అరుగు మీద అన్నాడు, నూలు కొట్లో అన్నాడు, అమలాపురం బస్సులో కూడా అన్నాడు. కూతురు పరువు కంటే తన పనితనం పరువు ఆయనకి పెద్దది. తండ్రుల ప్రేమ గురించి మనకి బోలెడు మంచి మాటలున్నాయి గాని, ఆ ప్రేమలో ఈ ముక్క కూడా ఉంటుంది. ఇంట్లో కూతురితో ఆ ఊసెత్తలేదు. అన్నం పెడితే తిన్నాడు, అడిగితే జవాబిచ్చాడు. అంతే.

1987 ఏప్రిల్లో ఆయాసం ముదిరింది. పద్నాలుగు రోజులు మంచంలో ఉండి చనిపోయాడు. మగ్గం మీద అప్పుడు రెండున్నర చీరల పడుగు ఉంది. పక్క వీధి అప్పన్న వచ్చి పూర్తి చేసి, గీత దగ్గర ఎర్రపోగు వేసి, సొసైటీకి పంపాడు.

నాగమణి రెండోసారి రాయడం మొదలుపెట్టింది ఆ ఏడాది చివర్న. బొటనవేలు వంగేది కాదు. కలం చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించి పట్టుకునేది. రోజుకి అర పేజీ, ఒక్కోసారి నాలుగు వరసలు. చెయ్యి వణికితే కాగితం పాడు. కాగితాలు విశ్వవిద్యాలయం వాళ్లు లెక్కపెట్టి పంపినవి. మొదటి నలభై పేజీలు పాత సాపు ప్రతి చూసి రాసుకుంది. మిగతావాటికి చిత్తుప్రతి కోసం వెతికితే, సాపు రాయడం అయిపోయింది, ఇక దేనికిలే అని వీరాయమ్మ వరద ఏడాదే పొయ్యిలో పెట్టేసిందని తేలింది. మిగిలింది తాతబ్బాయి గీసిన ఇరవై రెండు పేజీలే. ఆమె వాటిని ఎదురుగా పెట్టుకుని, గడికి గడి చూసి ఎత్తి రాసింది. కూతురి అక్షరాలను తండ్రి ఎత్తి రాస్తే మోసమైంది. తండ్రి అక్షరాలను కూతురు ఎత్తి రాస్తే స్వదస్తూరీ అయింది. దీనికి విశ్వవిద్యాలయంలో పేరేమిటో నాకు తెలీదు.

1988 సెప్టెంబరులో రిజిస్టరు పోస్టులో పంపింది. మళ్లీ పరీక్షకి ఢిల్లీ వెళ్లొచ్చింది. ఈసారి పరీక్షకుడు వేరే ఆయన. దస్తూరీ బాలేదని రాసి, కనీసపు మార్కులతో పాస్ చేశాడు. పట్టా మరుసటి ఏడాది మార్చిలో వచ్చింది. పట్టా చుట్టి పంపిన గొట్టం విప్పి చూసి వీరాయమ్మ "దీంతో ఏం చేస్తారే?" అంది. అమలాపురంలో, రాజోలులో, కొత్తపేటలో దాంతో చెయ్యగలిగిందేమీ లేదు. గల్ఫు దేశాలకి మనుషుల్ని పంపే ఏజెంటు దాన్ని అటూ ఇటూ తిప్పి, అరబ్బీ వస్తే చెప్పమన్నాడు.

నేతగాళ్ల సొసైటీలో బట్ట కొలిచే గుమస్తా మానేస్తే ఆ పని ఈమెకిచ్చారు. చదువుకున్న అమ్మాయి, నేత తెలిసిన అమ్మాయి. కుడి బొటనవేలికి స్పర్శ సగం పోయింది గనక ఎడమ బొటనవేలితో బట్ట తడిమి, గజాలు కొలిచి, రకం రాసేది.

ఆ ఏడాదే కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు ఒక రూలు పెట్టాడు. అంచులో ఎర్రపోగున్న చీర రెండో రకం, కూలి తక్కువ. చూసేవాళ్లకి అది మచ్చలా ఉంటుందట. రెండు నెలల్లో వీధి మొత్తం పోగు వెయ్యడం మానేసింది.

ఒక మధ్యాహ్నం బాబ్జీ అనే కుర్ర నేతగాడు చీర తెచ్చాడు. నాగమణి మడత విప్పి తడుముకుంటూ పోయింది. మూడో గజం దగ్గర వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ తడిమింది.

"ఇక్కడ చెయ్యి మారింది కదా?"

"లేదండీ. మొత్తం నా చెయ్యే."

"తెలుస్తోంది బాబ్జీ."

"తెలిస్తే రెండో రకం రాసేసుకోండి. చెప్పినా అదే, చెప్పకపోయినా అదే." వాడు అరుగు మీది వాళ్ల వైపు ఒకసారి చూశాడు. "మా ఆవిడకి కాన్పయితే మా అన్నయ్య వచ్చి నేసేడండి. ఆయ్. ఏం చెయ్యమంటారు?"

"మా నాన్నయితే పోగు వేసేవాడు" అంది నాగమణి. అనకూడదనుకుంటూనే అనేసింది.

"మీ నాన్నగారు వేసేరండీ" అన్నాడు బాబ్జీ. "మీరే గదా తీసేసేరు."

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. నాగమణి చీర మడిచింది. కలాన్ని రెండు వేళ్ల మధ్య ఇరికించుకుని పుస్తకంలో మొదటి రకం అని రాసి, తరవాతి చీర అందుకుంది.